రెండు చేతులూ కనబడాలి

నమోదు 1

లిఫ్టు ఈ ఉదయం కూడా మా తమ్ముణ్ణి ఎక్కించుకోలేదు. పైకి వెళ్లాలంటే తలుపు పక్కనున్న కన్ను ముందు రెండు అరచేతులూ చాపి, అది పచ్చబడేదాకా కదలకుండా నిలబడాలి. శౌరి మధ్యలో నా వైపు తిరిగి, నీళ్ల డబ్బా కొట్లోనే మర్చిపోయామన్నాడు. శౌరి ఏమన్నా చేతులతోనే అంటాడు. పుట్టు చెవుడు. కన్ను ఎర్రబడింది.

"దయచేసి రెండు చేతులూ చూపించండి" అంది లిఫ్టు.

అది అతనికి వినబడదు కదా. నేను మోచేత్తో పొడిచాను. ఈలోగా వెనక క్యూలో ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు. తుపాకి పర్మిట్ ఎవరి దగ్గరుందో అడగడం నేరం, చెప్పడం కూడా నేరం. కాబట్టి అందరి దగ్గరా ఉందనుకుని మసలుకోవడం అలవాటైంది.

శాసనసభలో జరిగింది పత్రికకు రాస్తాను. పాత ఊళ్లోనూ, ఇప్పుడు ఈ గట్టుపురంలోనూ ముప్పై ఏళ్లుగా నా పని అదే. ఇంట్లో జరుగుతున్నది రాయడానికి పత్రికలో చోటు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఈరోజు సభలో గుప్తాయుధ పర్మిట్ చట్టానికి ఏడో సవరణ ప్రవేశపెట్టారు. "ఒక వ్యక్తి చేయి నడుముకూ భుజానికీ మధ్య దుస్తుల లోపలికి వెళ్తున్నట్టు కనబడితే, పర్మిట్‌దారు ప్రాణభయం సహేతుకమని భావించవలెను." అంటే, కాల్చినా నేరం కాదు. ఒక్క వాక్యమే. చదవడానికి మంత్రికి నిమిషం కూడా పట్టలేదు.

నమోదు 2

శౌరి దర్జీ. సముద్రం పాత ఊళ్లని ముంచేసి, మమ్మల్నందరినీ ఈ గట్టు మీది బ్లాకుల్లోకి తెచ్చి పోసినప్పుడు అతని దగ్గర మిషను, కత్తెర తప్ప ఏమీ లేవు. ఇప్పుడు బ్లాకు కింద కొట్టు ఉంది. పని తెమలడం లేదు. అందరికీ లోజేబులే కావాలి.

పింగాణీతో అచ్చుపోసే చిన్న తుపాకులు వచ్చాక ఏ యంత్రమూ వాటిని పట్టుకోలేకపోయింది. పట్టుకోలేనిదాన్ని నిషేధించలేమని చెప్పి ప్రభుత్వం పర్మిట్లు మొదలుపెట్టింది. అవి బయటికి కనబడకూడదన్నది షరతు. కొట్లో మాత్రం తుపాకి అనే మాట ఎవరూ అనరు. కళ్లజోడు జేబు అంటారు.

ఈ మధ్యాహ్నం పురందర్ వచ్చాడు. సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసే ప్లాంటులో పంపులు నడుపుతాడు, మా పై అంతస్తే. గుమ్మం దగ్గర రెండు చేతులూ చూపించాడు. మేమూ చూపించాం. నమస్కారం పెట్టడం మానేసి చాలా కాలమైంది. చేతులు జోడిస్తే మధ్యలో ఏముందో కనబడదు.

"అక్కగారూ, తమ్ముడికి కాస్త చెప్పండి. ఎడమవైపు, లోపల. గుడ్డ పట్టుకోకూడదు. తీస్తే జారినట్టు రావాలి."

"కళ్లజోడు అంత తొందరగా తీయాల్సిన అవసరం ఏమొస్తుందండీ?"

అతను నవ్వాడు. "దగ్గరి చూపు బాగా తగ్గిందండి."

నేను శౌరికి చెప్పాను. శౌరి పురందర్ ఛాతీ కొలత తీసుకుంటూ నాకు మాత్రమే కనబడేలా అన్నాడు: ఈ ఊళ్లో అందరికీ ఒకేసారి చూపు పోయింది, కళ్ల డాక్టరు ఒక్కడూ బాగుపడలేదు.

నేను నవ్వితే పురందర్ అడిగాడు. "ఏమంటున్నాడు?"

"జారుడు గుడ్డ వేస్తానంటున్నాడు."

నమోదు 3

ఏడో సవరణ వాక్యాన్ని రాసి శౌరికి చూపించాను. రెండుసార్లు చదివాడు. తర్వాత నన్ను పిలిచాడు, నా పేరుతో.

నా పేరు వకుళ. అతని భాషలో మాత్రం నా పేరు వేరు. కుడి చేయి ఎడమ రొమ్ము మీదికి తీసుకెళ్లి, జేబులోంచి పెన్ను లాగినట్టు రెండు వేళ్లతో బయటికి లాగుతాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మగాళ్ల చొక్కాలు వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని తిరిగేదాన్ని. అప్పటికి అతనికి ఆరేళ్లు. పేరు అతనే పెట్టాడు.

"ఆ పేరు మార్చు" అన్నాను.

ఎందుకన్నాడు. కాగితం మీది వాక్యం చూపించాను.

ముప్పై ఏళ్ల పేరు, బిల్లు వచ్చిందని మారుస్తారా అన్నాడు. అంతగా మార్చాలంటే ముక్కు పట్టుకుని చూపిస్తాను, నీ ముక్కు చూసిన వాళ్లెవరైనా గుర్తుపడతారు అన్నాడు. రాత్రి భోజనం దాకా ముక్కుతోనే పిలిచాడు. పచ్చడి అందించమని అడగబోయి మర్చిపోయి, పెన్ను లాగాడు.

నమోదు 5

రేపాల త్రివిక్రమ్ మా నియోజకవర్గం సభ్యుడు. పాలకపక్షమే అయినా మాట వింటాడని పేరు. సభ కాంటీనులో పట్టుకున్నాను.

"చేతులతో మాట్లాడేవాళ్ల సంగతేంటండీ? వాళ్ల చేతులు నడుముకూ భుజానికీ మధ్యే కదా ఆడేది."

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "నిజమే. తట్టలేదు. ఎంతమంది ఉంటారండీ వాళ్లు?"

"ఓట్లు లెక్కేస్తున్నారా?"

"అలవాటండీ, ఏమనుకోకండి." కప్పు మళ్లీ అందుకున్నాడు. "వాక్యం తీయమంటే మావాళ్లు తీయరు. మినహాయింపు అయితే పెట్టించగలను. కాకపోతే దూరం నుంచి చూస్తే తెలియాలి. ఏదో ఒక గుర్తు ఉండాలి."

ఇంటికొచ్చి శౌరికి చెప్పాను. అతను కొట్లో మిగిలిన గుడ్డల్లోంచి పసుపు రంగుది ఏరాడు. ఎండలో, వానలో, వీధి చివరి నుంచి కూడా కనబడే పసుపు. సాయంత్రానికి ఒక జత చేతితొడుగులు కుట్టాడు. వేళ్లు ఇరుక్కోకుండా కీళ్ల దగ్గర మడతలు వదిలాడు. అవి వేసుకుని అద్దం ముందు నిలబడి తనతో తాను చాలాసేపు మాట్లాడుకున్నాడు.

నమోదు 8

ఏడో సవరణ నెగ్గింది. దాంతోపాటు మినహాయింపు కూడా. పసుపు తొడుగులు వేసుకున్నవారి చేతి కదలిక భయానికి కారణం కాదు.

చర్చలో త్రివిక్రమ్ శౌరి కుట్టిన జతే వేసుకుని లేచి, రెండు చేతులూ ఊపాడు. సభ నవ్వింది.

"గౌరవ సభ్యుడు చేతులు దించాలి" అన్నాడు స్పీకర్.

"నేను మాట్లాడుతున్నాను అధ్యక్షా, మీకు భాష రాదు" అన్నాడు త్రివిక్రమ్.

బల్లలు చరిచారు. ఆ వార్త మొదటి పేజీలో వచ్చింది. నేనే రాశాను.

నమోదు 13

చెప్పుకోదగ్గ విషయం: శౌరి వీధిలో మాట్లాడుతున్నాడు.

ఇన్నాళ్లూ బయట చేతులు తొడలకు అంటించుకుని నడిచేవాడు. ఇప్పుడు ఈ పక్క పేవ్‌మెంటు మీద నుంచి ఆ పక్కనున్న మనిషిని పలకరిస్తున్నాడు. ఇడ్లీబండి మస్తానమ్మ అతని దగ్గర పదో పన్నెండో మాటలు నేర్చుకుంది. అల్లం, కారప్పొడి, పొట్లం, చిల్లర లేదు. నా పేరు కూడా నేర్చుకుంది. ఈ ఉదయం నేను బండి దగ్గరికి వెళ్లగానే జాకెట్టు మీద నుంచి లేని పెన్నును లాగి చూపించింది.

"నువ్వు చేయకు మస్తానమ్మా. నీకు తొడుగులు లేవు" అన్నాను.

"నన్నెవరు కాలుస్తారమ్మా? కాలిస్తే రేప్పొద్దున ఇడ్లీలెవరు పెడతారు వాళ్లకి?"

నమోదు 17

పసుపు తొడుగులు బజార్లో అమ్ముతున్నారు. ప్లాస్టిక్‌వి, ఊలువి, వేళ్లు లేనివి. కొనేవాళ్లలో చెవిటివాళ్లు ఎంతమందని ఒక కొట్టువాణ్ణి అడిగాను.

"అడక్కూడదు కదండీ" అన్నాడు.

వేసుకుంటే వీధిలో చేతులు స్వేచ్ఛగా ఆడించొచ్చు. చంకలో గోక్కోవచ్చు. జేబులోంచి చేతిరుమాలు తీసుకోవచ్చు. ఎవరూ బెదరరు. కాలేజీ పిల్లలు వేసుకుంటున్నారు. పర్మిట్ ఉన్నవాళ్లూ వేసుకుంటున్నారని అనుకోవాలి. లోజేబులోకి చేయి పెట్టినా అవతలివాడు భయపడటానికి వీల్లేని మనిషి అయిపోతారు కదా. చట్టం రాసినవాళ్లకి ఇది తట్టలేదు. నాకూ తట్టలేదు.

నమోదు 18

తూర్పు గట్టు నీళ్ల డిపోలో ఈ ఉదయం పసుపు తొడుగులు వేసుకున్న ఒక మనిషి క్యూలో నిలబడి, తన వంతు వచ్చాక చొక్కాలో చేయి పెట్టాడు. ఎవరూ కదల్లేదు. డిపో గుమాస్తానూ, వెనక నిలబడ్డ ఇద్దర్నీ కాల్చేశాడు. క్యూలో పర్మిట్ ఉన్నవాళ్లు ఉండే ఉంటారు. చూసినవాళ్లలో ముగ్గురితో మాట్లాడాను. ముగ్గురూ ఒకటే చెప్పారు. పాపం, మూగవాడు, నీళ్లు ఎన్ని కావాలో చెప్తున్నాడనుకున్నాం.

అతనికి వినబడుతుంది. స్టేషన్లో పేరు పెట్టి పిలిస్తే తల తిప్పాడు.

నమోదు 20

శౌరి బస్సెక్కితే బస్సు ఖాళీ అయింది. ఒక్కరూ అరవలేదు. వరసగా, చేతులు పైకెత్తుకుని దిగిపోయారు. డ్రైవరు కూడా దిగాడు. శౌరి కాసేపు ఒక్కడే కూర్చుని, తనూ దిగి, నడిచి ఇంటికొచ్చాడు. దారిలో తొడుగులు తీసి చెత్తకుండీలో వేశాడు.

వేసుకుంటే జనం పారిపోతున్నారు. తీసేస్తే మాట్లాడకూడదు. కాగితం మీద రాసి చూపించొచ్చు కదా అని ఎడిటర్ సలహా ఇచ్చాడు. కాగితం జేబులోంచే తీయాలని గుర్తుచేశాను.

నమోదు 22

ఎనిమిదో సవరణ. మినహాయింపులన్నీ రద్దు. ప్రవేశపెట్టింది త్రివిక్రమే. సభ బయట వరండాలో కలిశాను. చేతులు చూపించుకున్నాం.

"ఇచ్చింది నేనే, తీస్తున్నదీ నేనే. ముగ్గురు చచ్చిపోయారు. నన్నేం చేయమంటారు చెప్పండి."

"ఏడో సవరణే తీసేయండి. అప్పుడు ఏ మినహాయింపూ అక్కర్లేదు."

ఆయన అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "వకుళగారూ, లోపల సభలో ఎంతమందికి ఉందో మీకు తెలీదు. నాకూ తెలీదు. లేచి నిలబడి, మీ భయం సహేతుకం కాదని వాళ్ల ముఖం మీద చెప్పమంటారా?"

ఓటింగులో చేతులెత్తమన్నారు. అందరూ రెండేసి ఎత్తారు. లెక్క రెట్టింపు వచ్చింది. స్పీకర్ రెండుతో భాగించమని కార్యదర్శికి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

నమోదు 23

ఇవాళ్టిది వార్త రాసినట్టే రాస్తాను. మరోలా రాయలేను.

ఉదయం బ్లాకు ముందు మస్తానమ్మ బండి దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. శౌరికి తొడుగులు లేవు. తన వంతు వచ్చేదాకా రెండు చేతులూ ముందుకు చాచి నిలబడ్డాడు. వంతు వచ్చాక వేళ్లతో నాలుగు చూపించాడు. మస్తానమ్మ పొట్లం కట్టింది. ఇంకో రెండు అన్నాడు. మిగతాది మస్తానమ్మ చెప్పింది.

"ఇంకో రెండు ఎవరికి బాబూ అని నేనే అడిగానమ్మా, చేత్తోనే. ఊరికే, వేళాకోళానికి. తెలుసు గదా నాకు, నీకేనని. ఆ బాబు నవ్వి, నీ పేరు చెప్పాడు. అంతే. చెయ్యి ఇంకా ఇట్టా రొమ్ము మీదే ఉంది."

కాల్చింది పురందర్. క్యూలో ఇద్దరి అవతల ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగి వస్తున్నాడు. ఒక్క గుండు. పింగాణీ గుండ్లు ఎముకకు తగిలితే పగిలిపోతాయి. మణికట్టులో పగిలింది. చేయి అడ్డం లేకపోతే గుండెకే తగిలేదన్నాడు సర్జన్. కుడి చేయి మణికట్టు పైన తీసేశారు.

మెలకువ వచ్చాక శౌరి ఏదో చెప్పబోయాడు. కట్టు చూసుకుని ఆగిపోయాడు.

నమోదు 25

స్టేషన్. ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు.

"కేసు లేదమ్మా. చట్టం ఒక్కటే అడుగుతుంది, చేయి దుస్తుల లోపలికి వెళ్తున్నట్టు కనబడిందా అని. కనబడింది."

"మా తమ్ముడు ఆయనకు బాగా తెలిసిన మనిషి, ఆయన కింది అంతస్తులోనే ఉంటాడు. ఆయన చొక్కా కుట్టిందే మా తమ్ముడు."

"అది ఆయనే చెప్పాడమ్మా. దాచలేదు. తెలిసినవాడైతే భయపడకూడదని చట్టంలో లేదు."

"ఏం అంటున్నాడో తెలుసుకోవాలని కూడా లేదా?"

నాకు తెలిసిందే అడిగాను. ఏడో సవరణ పూర్తి పాఠం వేసింది మా పత్రికే.

నమోదు 29

పురందర్ ఇంటికి వచ్చాడు. గుమ్మం బయట బత్తాయిల సంచీ నేల మీద పెట్టి, రెండు చేతులూ చూపించాడు. లోపల కుర్చీలో కూర్చున్న శౌరి ఎడమ చేయి ఎత్తి చూపించాడు. రెండోది ఎత్తబోయాడు. కట్టు కనబడేసరికి పురందర్ కళ్లు దించుకున్నాడు.

"నేను చూళ్లేదక్కా. మనిషిని చూళ్లేదు. చేయి ఒక్కటే కనబడింది. నీళ్ల డిపోలో చచ్చిపోయిన గుమాస్తా మా పిన్ని కొడుకు."

ఆ సంగతి నాకు తెలియదు. డిపో వార్తలో గుమాస్తా పేరు నేనే రాశాను, బంధువుల గురించి అడగలేదు.

"ఎప్పుడు తీశానో నాకే తెలీదు. అనుకోకుండానే చేతిలోకి వచ్చేసింది. ఎక్కడా తగల్లేదు, చిక్కుకోలేదు. జేబులో కాస్త చిక్కుకున్నా..."

ఏమంటున్నాడని శౌరి కనుబొమలతో అడిగాడు. ఈసారి అబద్ధం చెప్పలేదు. జేబు బాగా కుట్టావంటున్నాడని చెప్పాను.

శౌరి తల ఊపాడు. పని మెచ్చుకున్న ఖాతాదారుకు ఊపినట్టే ఊపాడు. పురందర్ అక్కడే గుమ్మం మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఏడ్చినంతసేపూ చేతులు మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకునే ఉన్నాడు. కళ్లు తుడుచుకోలేదు.

నమోదు 34

శౌరి తన చొక్కాలన్నిటికీ కుడి చేయి భుజం దాకా కత్తిరించేశాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే మొండి చేయి లోపలుండిపోయి, ఏదో దాచినట్టు ఉంటుంది. కత్తెర కుడిచేతి వాటానిది. ఎడమ చేత్తో పట్టుకుంటే గుడ్డను కొయ్యదు, నలుపుతుంది. అంచులన్నీ వంకరపోయాయి. నేను కత్తిరిస్తానంటే ఇవ్వలేదు. కొట్టు మూసేశాం. మిషను అలాగే ఉంది.

నా పేరు ఇంకా పిలవలేదు. నేను కావాల్సి వస్తే బల్ల మీద తడతాడు.

నమోదు 36

ఆస్పత్రికి కట్టు మార్పించడానికి బయల్దేరాం. కిందికి వెళ్లేటప్పుడు లిఫ్టు చేతులు చూడదు. మొదటిసారి ఆస్పత్రి నుంచి ఇంటికి అతన్ని స్ట్రెచర్ మీద మెట్లెక్కించారు. తిరిగి వచ్చేటప్పుడు శౌరి కన్ను ముందు ఎడమ అరచేయి చాపి, పక్కనే మొండి చేయి ఎత్తి నిలబడ్డాడు.

"దయచేసి రెండు చేతులూ చూపించండి" అంది లిఫ్టు.

కదలకుండా నిలబడ్డాడు. తను తప్పు చేయలేదని అతనికి తెలుసు. అది ఆ మాటే మళ్లీ అంది. వెనక క్యూలో వాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు.

బ్లాకు ఆఫీసుకు ఫోన్ చేశాను. "ఒక చేయే ఉన్నవాళ్లకి వేరే ఏర్పాటేమన్నా ఉందా అండీ?"

"మొన్నటిదాకా ఉండేదండి. మినహాయింపులన్నీ తీసేశారు కదా. మీరు పేపర్లో చూడలేదా?" అంది ఆ అమ్మాయి.

ఫోన్ పెట్టేసి, నా కుడి చేయి తీసుకెళ్లి అతని ఎడమ చేతి పక్కన పెట్టాను. కన్ను కాసేపు తేల్చుకోలేకపోయింది. తర్వాత పచ్చబడింది.

"ఒకరు" అంది లిఫ్టు. తలుపు తెరుచుకుంది.

శౌరి ఎక్కాడు. నేను అడుగు వేయబోతే ఎర్రబడింది. రెండు చేతులూ చూపించాను. ఒప్పుకోలేదు. నా కుడి చేయి అప్పటికే పైకి వెళ్తున్న ఒక మనిషి లెక్కలో పడింది. అదే చేతిని ఇంకొకరి చేతిగా లెక్కపెట్టదు. తలుపు మూసుకుంది. మూసుకుంటూండగా శౌరి ముఖం చూశాను. నేను ఎందుకు ఎక్కలేదో అతనికి అర్థం కాలేదు. చెప్పడానికి నేను చేతులు కదపలేదు. వెనక క్యూ ఉంది.

తొమ్మిదంతస్తులు మెట్లెక్కి వెళ్లాను. లిఫ్టు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎడమ చేయి ఒంటికి దూరంగా, అరచేయి తెరిచి. ఇంట్లోకి వచ్చి గడియ వేశాను. ఇక దించొచ్చని చెప్పాను. దించలేదు. నీళ్లిస్తే, గ్లాసు బల్ల మీద పెట్టమని చూపుతోనే చెప్పాడు.

తొమ్మిదంతస్తులు మెట్లెక్కే ఓపిక అతనికి లేదు. ఇకమీదట నేను ఇంట్లో ఉన్న రోజుల్లోనే అతను బయటికి వెళ్లి రాగలడు. రేపటి నుంచి సభ రోజూ ఉంది. తొమ్మిదో సవరణ.